పప్పన్నం చాలునా? ఒక సంవాదం

శాకాహార పక్షం: మాంసం, చేప, గుడ్డు లేకుండా మనిషి ఆరోగ్యంగా ఉండగలడా అని అడిగేవారి మొదటి అనుమానం ప్రోటీన్ మీదే. లెక్క వేసి చూస్తే ఆ అనుమానం తీరుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. అదే సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు చెప్పింది. ధాన్యం నుంచి 20 గ్రాములకు పైగా, పప్పు నుంచి 18, వేరుసెనగ, నువ్వుల నుంచి 7, పాల నుంచి 10 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. మొత్తం 55 దాకా తేలుతుంది. పాలు తీసేస్తే స్త్రీకి దాదాపు సరిపోతుంది, పురుషుడికి రెండు గుప్పెళ్ల సెనగలు అదనంగా కావాలి.

మిశ్రమాహార పక్షం: కాగితం మీద లెక్క బాగానే ఉంది, తేడా కంచంలో వస్తుంది. 0.83 గ్రాములన్నది పాలు, గుడ్డు వంటి మేలురకం ప్రోటీన్‌ను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. ధాన్యం, పప్పుల మీదే ఆధారపడేవారికి అది కిలోకు ఒక గ్రాము దాకా పెరుగుతుంది. బియ్యంలో, గోధుమలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. పైగా 85 గ్రాములన్నది వండకముందు తూకం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలకు పైగా పప్పు కావాలి. ఎన్ని ఇళ్ల సరుకుల చీటీలో నెలకు పది కిలోల పప్పు కనిపిస్తుంది? మామూలుగా కనిపించేది గిన్నెడు అన్నం, పలుచటి పప్పుచారు, నంజుకోవడానికి పచ్చడి. ఒక గుడ్డు ఉడకబెట్టుకుంటే ఏ లెక్కా తెలియకుండానే ఆరు గ్రాముల సంపూర్ణ ప్రోటీన్ అందుతుంది.

శాకాహార పక్షం: పప్పు పలచబడిందన్న మాట ఒప్పుకోవాల్సిందే. కందిపప్పు ఒక్కదాన్నే లెక్కిస్తే పది కిలోలు కష్టం. కానీ ఇడ్లీ, దోసెల్లోని మినపప్పు, పెసరట్టులోని పెసలు, సాయంత్రం గుగ్గిళ్లు, ఉలవచారు, కూరలో వేసే మీల్‌మేకర్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మీల్‌మేకర్ ఎండు బరువులో సగం ప్రోటీనే. లైసిన్, మెథియోనిన్ల లోటును ఇడ్లీ పిండే పూడుస్తుంది, బియ్యంలో లేనిది మినుములో, మినుములో లేనిది బియ్యంలో ఉంటుంది. జొన్నరొట్టె, పప్పు అయినా, పొంగలి అయినా అంతే. ధాన్యం, పప్పు ఒకే పూటలో కలవాలన్న పట్టింపు కూడా అక్కర్లేదు. 1971లో వచ్చిన తన పుస్తకంతో ఆ నియమాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సిస్ మూర్ లాపే, 1981 ముద్రణలో దాన్ని సడలించారు. రోజు మొత్తంలో రకరకాల గింజలు, పప్పులు కడుపులో పడితే చాలు. ఇక లోటు శాకాహారానిదే అనడం సరికాదు. 2014 నమూనా సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులమని చెప్పారు. పలుచటి పప్పు, గిన్నెడు అన్నం ఆ 98 శాతం ఇళ్లలోనూ ఉన్నాయి. అక్కడ మాంసం వారానికి ఒకటి రెండు పూటల మాట.

మిశ్రమాహార పక్షం: ప్రోటీన్ విషయంలో తెలివిగా వండుకునేవారికి ఇబ్బంది లేదని ఒప్పుకోవచ్చు. కానీ ఎంత తెలివిగా వండినా మొక్కల నుంచి రానిది ఒకటుంది, విటమిన్ బి12. రక్తకణాలకూ నరాలకూ అది తప్పనిసరి. దాని లోటు ఎంత గుట్టుగా ఉంటుందో చెప్పడానికి ఒక తెలుగు శాస్త్రవేత్త కృషే ఉదాహరణ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పెద్ద పెద్ద ఎర్రకణాలు కనిపించే ఒక రకం రక్తహీనతకు అది గొప్ప మందయింది. అయితే బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనతకు దాన్ని ఇచ్చినప్పుడు రక్తం బాగుపడింది గానీ నరాల జబ్బు ముదిరింది. బి12 విడిగా దొరికింది 1948లో. ఆకుకూరలు, పప్పులు దండిగా తినే శాకాహారికి ఫోలిక్ ఆమ్లపు సహజ రూపమైన ఫోలేట్‌కు కొదవ లేదు. అందుకే రక్తం బాగానే కనిపిస్తూ లోపల నరాలు దెబ్బతినే ప్రమాదం అతనికే ఎక్కువ. తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలుడు మొదలయ్యాకే విషయం బయటపడుతుంది.

శాకాహార పక్షం: ఈ అభ్యంతరంలో తీసివేయదగింది ఏదీ లేదు. పాలు కూడా మానేసిన వీగన్ బి12 మాత్ర వేసుకోవాలి, దానికి మినహాయింపు లేదు. ఇడ్లీ పిండి పులవడం వల్ల వస్తుందనీ, స్పైరులినాలో ఉంటుందనీ చెప్పేవి నమ్మదగ్గ మాటలు కావు. స్పైరులినాలో ఎక్కువగా ఉండేది మన శరీరానికి పనికిరాని నకలు రూపం. అయితే బి12 జంతువు తయారుచేసేది కూడా కాదు. సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. ఆవు, గేదె, మేక పొట్టలోని బాక్టీరియా మేతలోని కోబాల్ట్‌తో దాన్ని తయారుచేస్తే, పాల ద్వారా, మాంసం ద్వారా మనకు చేరుతుంది. అలాంటి బాక్టీరియాను కర్మాగారంలో పెంచి మాత్రగా చేస్తే అది ఆహారానికి అవమానమేమీ కాదు. దేశమంతా అయోడిన్ కలిపిన ఉప్పు తింటోంది, ఆ కారణంగా ఎవరి భోజనాన్నీ అసంపూర్ణమని ఎవరూ అనడం లేదు. రేషన్ బియ్యంలోనే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు పోశారు.

మిశ్రమాహార పక్షం: ఆ బలవర్ధక బియ్యం లెక్కే తీసుకుందాం. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఉండాల్సిన బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా అందేది ఎక్కువలో ఎక్కువ అర మైక్రోగ్రాము. పెద్దవాళ్లకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు పైనే. ఇక పాలు తాగే శాకాహారులు క్షేమమనుకోవడానికీ వీల్లేదు. 300 మిల్లీలీటర్ల పాలలో వచ్చేది ఒక మైక్రోగ్రాము పైచిలుకు. టీలో కలిపే పాలు, నీళ్ల మజ్జిగ తప్ప మరేమీ లేని ఇంట్లో అదీ రాదు. 2006లో వెలువడిన పుణె అధ్యయనంలో మధ్యవయసు పురుషుల్లో మూడింట రెండొంతుల మందికి బి12 తక్కువగా ఉంది. వాళ్లు వీగన్లు కారు. ఉప్పును అందరూ కొంటారు కాబట్టి అయోడిన్ అందరికీ అందుతుంది, మాత్ర మాత్రం గుర్తుపెట్టుకుని కొనుక్కున్నవాడికే అందుతుంది.

శాకాహార పక్షం: పుణె లెక్కలు చెప్పేది పాలను నమ్ముకున్న శాకాహారి కూడా మాత్ర సంగతి ఆలోచించాలనే. ఆ రకంగా చూస్తే మాత్ర తప్పదని తెలిసిన వీగన్ జాగ్రత్తగా ఉంటాడు, పెరుగన్నం తింటున్నాను కదా అనుకునేవాడే ఏమరుపాటులో ఉంటాడు. రక్తహీనత దగ్గరికి వస్తే మాంసం ఇచ్చే రక్షణ ఎంతో కూడా తేలుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దాదాపు అందరూ మాంసాహారులైన రాష్ట్రాలివి. ముప్పాతిక వంతు శాకాహారులున్న రాజస్థాన్‌లో అది 54.4 శాతం. మాంసం తింటున్నామని చెప్పుకోవడం వేరు, ఇనుము ఒంటికి పట్టడం వేరు.

మిశ్రమాహార పక్షం: అలాగైతే కేరళ సంగతేమిటి? చేప, మాంసం నిత్యం తినే ఆ రాష్ట్రంలో అదే సర్వే ప్రకారం రక్తహీనత 36.3 శాతం. వారానికోసారి కోడికూర తినే చోటును చూపించి మాంసం పనిచేయదనడం న్యాయం కాదు. మాంసంలోని ఇనుములో కొంత భాగం హీమ్ రూపంలో ఉంటుంది, పేగులు దాన్ని సులువుగా తీసుకుంటాయి. ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుముకు మొక్కల్లో ఉండే ఫైటేట్లనే పదార్థాలు అడ్డుపడతాయి, భోజనం వెంటనే తాగిన టీ అడ్డుపడుతుంది. నెలసరిలో రక్తం పోగొట్టుకునే స్త్రీకి ఈ తేడా చిన్నది కాదు.

శాకాహార పక్షం: హీమ్ ఇనుము సులువుగా పడుతుందన్నది నిజం. కేరళలో తేడా అంతా చేపదే అనడం మాత్రం తొందరపాటు. ఆడపిల్లల చదువు, గర్భిణికి అందే వైద్యం, మరుగుదొడ్లు, నులిపురుగుల అదుపు, ఇవన్నీ అక్కడ ముందే మెరుగుపడ్డాయి. మొక్కల ఇనుమును ఒంటికి పట్టించే ఉపాయాలు ఇంట్లోనే ఉన్నాయి. పప్పులో నిమ్మకాయ పిండడం, ఉసిరి పచ్చడి కలుపుకోవడం, పెసలు, సెనగలు నానబెట్టి మొలకెత్తించడం, భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం ఉంచడం. విటమిన్ సి ఇనుమును పట్టిస్తుంది, నానబెట్టడం, మొలకెత్తించడం ఫైటేట్లను తగ్గిస్తాయి. తీవ్రమైన రక్తహీనత ఉన్న స్త్రీకి మాత్రం ఏ పక్షం కూరా సరిపోదు, ఐరన్ మాత్రలే కావాలి.

మిశ్రమాహార పక్షం: ఒక్కో పోషకానికి ఒక్కో ఉపాయం చెప్పవచ్చు. ఏళ్ల తరబడి అలా తిన్నవారి ఒళ్లు ఏం చెబుతోంది? బ్రిటన్‌లో 1993లో మొదలైన ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం దీనికి పెద్ద ఆధారం. 2020లో వెలువడిన ఫలితాల్లో మాంసాహారులతో పోలిస్తే వీగన్లకు ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువ. 2019లో అదే అధ్యయనం శాకాహారుల్లో పక్షవాతం 20 శాతం ఎక్కువని తేల్చింది. వీళ్లు పోషకాహారం గురించి తెలియనివాళ్లు కారు, చదివి, ఆలోచించి ఆ దారి ఎంచుకున్నవాళ్లు. వాళ్లకే కాల్షియం, ప్రోటీన్ చాలినంత అందకపోతే మిగతావారి మాట ఏమిటి?

శాకాహార పక్షం: ఆ 2019 ఫలితాల్లోనే శాకాహారులకు గుండెజబ్బు 22 శాతం తక్కువని కూడా ఉంది. అమెరికాలోని అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారి మీద జరిగిన అధ్యయనంలో శాకాహారుల మరణాలు 12 శాతం తక్కువగా తేలాయి, 2013లో ఆ ఫలితం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో సాసేజ్, బేకన్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఎముకల హెచ్చరికను పక్కన పెట్టకూడదు. ఆ వీగన్లు బరువు తక్కువవారు, కాల్షియం తక్కువ తిన్నవారు. మన దగ్గర వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంది. నువ్వులు, మునగాకు ఉన్నాయి. రాగి సంకటి, నువ్వుల పొడి, మునగాకు పప్పు తినే వీగన్ ఇంగ్లండ్ వీగన్‌తో సమానం కాడు.

మిశ్రమాహార పక్షం: ఇంగ్లండ్ వీగన్‌తో సమానం కానప్పుడు, అమెరికా అడ్వెంటిస్టుతోనూ సమానం కాడు. ఆ సమాజంలో పొగాకు, మద్యం దాదాపు లేవు, ఆ మేలంతా కూరగాయల ఖాతాలో వేయడానికి వీల్లేదు. మన శాకాహారిని అతని తిండి చూసే లెక్కగట్టాలి. పూరీ, మిర్చి బజ్జీ, మైసూర్‌పాక్, నాలుగు పూటలా తెల్లన్నం, అన్నీ శాకాహారమే. భారతీయుల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయనీ, దేశంలో పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారనీ భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనాలు చెబుతున్నాయి. మాంసం తీసేసిన చోట అన్నం చేరితే గుండెకు ఒరిగేదేమీ ఉండదు.

శాకాహార పక్షం: ఇక్కడ రెండు పక్షాల మాటా ఒకటే. మాంసం మానడం దానంతటదే ఆరోగ్యం కాదు. తీసేసిన చోట ఏం చేరుతుందన్నదే అసలు విషయం. పప్పు, గింజలు, దంపుడు బియ్యం, చిరుధాన్యాలు, కూరలు చేరిన శాకాహారాన్నే ఈ పక్షం సమర్థిస్తోంది. నేతి మిఠాయిల శాకాహారాన్ని కాదు.

మిశ్రమాహార పక్షం: అలాగైతే పాలు మానమనడం ఎందుకు? ఈ నేలమీద శాకాహారాన్ని నిలబెట్టింది పాడే. లండన్‌లో శాకాహార సంఘంలో చేరిన గాంధీ పాలు కూడా మానాలని ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడి, ఆవు, గేదె పాలు ముట్టనన్న వ్రతం కారణంగా మేకపాలకు దిగారు. పాలకు దీటైన మొక్కల ఆహారం దొరకలేదని తానే రాశారు. అంత పట్టుదల ఉన్న మనిషికే సాధ్యపడనిదాన్ని సులువైన దారి అనడం ఎలా?

శాకాహార పక్షం: గాంధీ ప్రయోగాల నాటికి బి12 అన్న మాటే పుట్టలేదు. లోపం ఎక్కడుందో ఆయనకు చెప్పగల శాస్త్రం లేదు. ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు వీగన్ సొసైటీ పెట్టింది 1944లో, బి12 దొరకడానికి నాలుగేళ్ల ముందు. తొలితరం వీగన్లు నిజంగానే చీకట్లో నడిచారు. ఇప్పుడు ఏది కావాలో, ఎంత కావాలో తెలుసు. పాలు మానాలనడానికి ప్రధాన కారణం నైతికం. గేదె పాలివ్వాలంటే మళ్లీ మళ్లీ ఈనాలి, పుట్టిన దున్నపోతు దూడకు పాడిలో చోటు లేదు. పాల వెనక కబేళా ఉందన్న నిజాన్ని నెయ్యి వేసుకునే శాకాహారి చూడడానికి ఇష్టపడడు. వంటింటి విషయానికొస్తే నెయ్యి ఆపితే ఇడ్లీ, ఉప్మా, పులిహోర, వంకాయ కూర, రోటి పచ్చళ్లు, సాంబారు చాలా ఇళ్లలో ఇప్పటికే వీగన్ వంటలు. కష్టం పెరుగు దగ్గరే. సోయా, వేరుసెనగ పాల పెరుగు ఆ రుచి ఇవ్వదు.

మిశ్రమాహార పక్షం: నైతిక ప్రశ్న బలమైనదే, కానీ దానికి రెండో వైపు కూడా ఉంది. పాలమూరు, అనంతపురం మెట్టల్లో పంట సరిగా రాని నేల మీద గడ్డి మొలుస్తుంది. దాన్ని మనిషికి తిండిగా మార్చేది గొర్రె, మేక. ఆ మంద మీద బతికే కుటుంబానికి పప్పు కొనుక్కునే డబ్బు కూడా ఆ మంద నుంచే రావాలి. ఇంకో మాట, బడిపిల్లవాడి గుడ్డు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారు. కొన్ని రాష్ట్రాల్లో అది వద్దన్నవారు చెప్పిన కారణం పోషకాహారం కాదు, ఆచారం. శాకాహారులకే ఇల్లు అద్దెకిస్తామనే బోర్డులు కూడా ఆరోగ్యం కోసం పెట్టినవి కావు. ఎంపిక అనే మాట వెనక కులం, డబ్బు ఉన్నప్పుడు దాన్ని కేవలం ఆరోగ్య వాదంగా చూడలేము.

శాకాహార పక్షం: ఇతరుల కంచంలోంచి గుడ్డు తీయడం శాకాహారాన్ని సమర్థించడం కాదు, అది పెత్తనం. ఆ పెత్తనాన్ని ఈ పక్షం సమర్థించదు. స్వచ్ఛత పేరుతో వచ్చిన శాకాహారానికీ, తెలిసి ఎంచుకున్న శాకాహారానికీ వాదమే వేరు. అద్దె బోర్డును తప్పు పట్టినంత మాత్రాన మాంసాహార కుటుంబంలో మాంసం మానాలనుకున్న అమ్మాయిని జబ్బుపడతావని బెదిరించడం న్యాయం కాదు. ఆ బెదిరింపుకు వైద్య ఆధారం లేదు.

మిశ్రమాహార పక్షం: ఆరోగ్యవంతులైన పెద్దల విషయంలో లేదు, నిజమే. పసిపిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లుల విషయంలో వైద్య సంస్థలే ఒక మాట మీద లేవు. అమెరికా పోషకాహార నిపుణుల సంఘం 2016లో సరిగా ప్రణాళిక వేసుకున్న శాక, వీగన్ ఆహారాలు అన్ని వయసులకూ తగినవేనంది. అదే ఏడాది జర్మనీ పోషకాహార సంఘం పిల్లలకూ గర్భిణులకూ వీగన్ ఆహారాన్ని సిఫారసు చేయలేమంది. 2025లో అమెరికన్ సంఘం తన కొత్త ప్రకటనను పెద్దలకే పరిమితం చేసుకుంది. పసివాడి పొట్ట చిన్నది. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న తిండితో అది నిండిపోతుంది గానీ కేలరీలు చాలవు. ఇక ప్రణాళిక అన్న మాట తేలిగ్గా అనేస్తారు. ఏ ఇంట్లోనైనా ఆ ప్రణాళిక వేయాల్సింది, నానబెట్టాల్సింది, మొలకెత్తించాల్సింది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే.

శాకాహార పక్షం: పిల్లల విషయంలో జర్మనీ సంఘం కూడా 2024లో కొంత మెత్తబడి, అటూ ఇటూ చెప్పలేమంది. దాన్ని అనుమతిగా తీసుకోకూడదు. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా పసివాణ్ని వీగన్‌గా పెంచడం ప్రమాదమే. పాలు, పెరుగు ఉన్న శాకాహారంలో ఆ ప్రమాదం తక్కువ. శ్రమ సంగతి కూడా నిజమే. మానాలనుకున్నవాళ్లే వండుకోవాలన్నది న్యాయమైన షరతు. ఇక ఆరోగ్యవంతుడైన పెద్దకు తెలుసుకోవాల్సిన జాబితా పొడుగేమీ కాదు. రోజుకు రెండు మూడు రకాల పప్పు, గింజలు, కాల్షియానికి రాగి, నువ్వులు, ఇనుముకు పులుపు తోడు, ఒమేగా-3 కోసం అవిసె గింజల పొడి, ఉప్పులో అయోడిన్, బి12 మాత్ర. అవిసెలోని ఒమేగా-3 చేపనూనెలోని రూపంలోకి కొద్దిగానే మారుతుందన్నది కూడా తెలిసిన సంగతే. కావాలనుకునేవారికి నాచు నూనె ఉంది.

మిశ్రమాహార పక్షం: జాబితా చిన్నదే, అయితే అందులో ఒకటి తప్పినప్పుడు ఏమవుతుందో చూడాలి. బి12 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. మాత్ర మానేసిన వీగన్ రెండు మూడేళ్లు హాయిగానే ఉంటాడు. తప్పు తెలిసేసరికి నరాలు దెబ్బతిని ఉండవచ్చు. గుడ్డు, చేప తినేవాడు లెక్కలు మరిచిపోయినా ఆ ఒక్క లోటులో పడడం అరుదు. మరిచిపోవడానికి వీలున్న ఆహారమే చాలామందికి భద్రమైన ఆహారం.

శాకాహార పక్షం: ఆలస్యంగా బయటపడే తప్పు మాంసాహారంలోనూ ఉంది. నూనెలో తేలే వేట మాంసం, వారానికి నాలుగు బిర్యానీలు రక్తనాళాల్లో చేసే పని కూడా ఇరవై ఏళ్ల తర్వాతే తెలుస్తుంది. ఏమరుపాటుకు శిక్ష రెండు దారుల్లోనూ ఉంది.

మిశ్రమాహార పక్షం: శిక్ష రెండిటికీ ఉన్నా, పట్టుకునే ఏర్పాటు ఒకదానికే ఉంది. 30 ఏళ్లు దాటినవారికి ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలోనే రక్తపోటు, చక్కెర చూస్తారు. ఆ పరీక్షల జాబితాలో బి12 లేదు. పట్నంలో ల్యాబుకు వెళ్లి డబ్బు కట్టి చూయించుకోగలవాడికి వీగన్ దారి నడవదగినదే. ఆ పరీక్ష అందని చోట మాత్రం దాన్ని సులువైనదని అనలేము.

శాకాహార పక్షం: ఆ కొరతకు మందు మాంసం ఒక్కటే కాదు. రేషన్ బియ్యంలో తగినంత మోతాదులో బి12 కలపడం, ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రల పక్కన బి12 మాత్ర ఉంచడం ప్రభుత్వం చేయగల పనులే. అవి జరిగితే పాలు కొనలేని, మాంసం కొనలేని మాంసాహారి ఇంటికి కూడా మేలే. జరిగేదాకా పల్లెలో వీగన్ దారి పట్టేవారికి బాధ్యత ఎక్కువన్నది ఒప్పుకోక తప్పదు.